నాలుగు సెకన్ల నవ్వు

(‘మేడమీద కంపెనీ’ నవల, పదిహేడో భాగం)

కిందటి వారం ఇద్దరు ఆడవాళ్ళని టేపుల గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి వచ్చేశాం. ఒకరు కత్తెరమ్మ. మేడమీద కంపెనీ పుట్టిన రోజునుంచీ ఎడిటరు, కంపెనీ పెట్టిన డైరెక్టరుకి సొంత చెల్లెలు. రెండోది జాబితా అమ్మాయి. కంపెనీని కొనుక్కోబోతున్న పెద్ద ఛానెల్ వాళ్ళు, ఏ పెట్టెలో ఏ టేపు ఉందో రాసుకురమ్మని పంపిన మనిషి. మూడు వారాలు తలెత్తకుండా రాసుకుంది. టీ ఇస్తే తాగింది, పలకరిస్తే పలికింది. ఇక నాలుగు రోజుల్లో అప్పగింత అనగా, ఓ పొద్దుటిపూట సంచిలోంచి పాత ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

“ఈయన మా నాన్న. లాంచీ నడిపే సరంగు. మీ సినిమాలో నవ్వినాయన. నాకు పద్నాలుగో టేపు కావాలి.”

అక్కడ ఆగాం.

కత్తెరమ్మ ఫోటోని తన వైపు తిప్పుకుని చూసింది. ఈ టేపు సంగతి ఎప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతారని ఇరవయ్యారేళ్ళుగా అనుకుంటూనే ఉంది. అడిగేది ఏ విలేకరో అయ్యుంటాడనుకుంది, కాకపోతే నల్లకోటు వేసుకున్న ఏ ప్లీడరో. మధ్యాహ్నం తనతో పాటు క్యారియర్ విప్పుకుని కూరలు పంచుకున్న పిల్ల అడుగుతుందని కలలో కూడా అనుకోలేదు.

“పాత టేపులమ్మా,” అంది చివరికి. “సగం బూజు పట్టి పోయాయి. అదీ పోయుంటుంది.”

“జాబితా రాసింది నేనే కదా మేడమ్. ఆ సినిమాకి తీసిన టేపులు ఇరవై రెండు. ఇరవై ఒకటి శుభ్రంగా ఉన్నాయి. ఈ బిల్డింగు మొత్తంలో నాకు కనపడనిది అదొక్కటే. మీ బీరువా ఒక్కటే నేను తెరవలేదు.”

కత్తెరమ్మ తల దించుకుంది.

ఈ నవల ఇవాళే చేతికందినవాళ్ళ కోసం ఆ సినిమా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. కుట్టుమిషన్ల షాపు మీద, రేకుల గదిలో మొదలైంది ఈ కంపెనీ. అందుకే ‘మేడమీద’ అనే పేరు. కింద మిషన్లు తిరుగుతున్నంతసేపూ పైన ఒక్క మాట రికార్డు చేయడానికి వీలయ్యేది కాదు. టైలరు భోజనానికి లేస్తే వీళ్ళు మైకు ముందుకి పరిగెత్తేవాళ్ళు. “మన కంపెనీ భవిష్యత్తంతా ఆయన ఆకలి చేతిలో ఉంది” అని వదిన నవ్వేది. అన్నయ్య డైరెక్టరు, వదిన అన్ని ఏర్పాట్లూ చూసుకునేది, కత్తెరమ్మ ఎడిటరు. కెమెరా ముక్కంటిది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, మూడోదాన్ని భుజాన వేసుకుని తిరుగుతాడని అన్నయ్య పెట్టిన పేరది. ఆ కెమెరా మహానుభావుడు పోయి ఆరేళ్ళయింది.

పళ్ళపొడి ప్రకటనలూ, పిల్లల క్విజ్ కార్యక్రమాలూ, ఇంట్లోవాళ్ళు కూడా చూడని ఒక హాస్య సీరియలూ తీసి, ఇక తలుపులు మూసేద్దామనుకుంటున్న రోజుల్లో నదిలో లాంచీ మునిగింది. పదకొండు మంది పోయారు. అందులో ఆరుగురు బడిపిల్లలు. బతికి ఒడ్డుకి చేరిన సరంగు చుట్టూ వీళ్ళు తీసిన డాక్యుమెంటరీ ఎక్కడ చూసినా అదే మాటగా ఆడింది. ఛానెళ్ళు వెతుక్కుంటూ వచ్చాయి. రేకుల గది పోయి మూడంతస్తుల మేడ లేచింది.

చూసినవాళ్ళందరికీ ఆ సినిమాలో గుర్తుండిపోయింది ఒక్కటే. “చచ్చిపోయిన పిల్లలు గుర్తొస్తారా?” అని డైరెక్టరు గొంతు అడుగుతుంది. సరంగు జవాబు చెప్పడు. మెల్లగా నవ్వుతాడు. నాలుగంటే నాలుగు సెకన్లు.

ఆ నవ్వునే నిలువెత్తు పోస్టరు చేసి మెట్ల మలుపులో గోడకి బిగించారు. కత్తెరమ్మ ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ చీర కుచ్చెళ్ళు చూసుకుంటూ ఎక్కేది.

“విచారణ కమిటీ మా నాన్నని వదిలేసింది మేడమ్,” అంది జాబితా అమ్మాయి. గొంతు పెంచలేదు. రోజూ టేపు నంబర్లు చదివే గొంతే అది. “లాంచీ పాతదనీ, యజమాని ఎక్కువమందిని ఎక్కించాడనీ తేల్చింది. మీ సినిమా మాత్రం వదల్లేదు. అది టీవీలో వచ్చిన మర్నాడు కిరాణా కొట్టతను మాకు సరుకులివ్వనన్నాడు. బళ్ళో నా పక్కన కూచునే పిల్ల బెంచీ మారింది. మేం ఊరు మారాం. అక్కడికీ మీ సినిమా వచ్చింది. మళ్ళీ మారాం.”

“అమ్మా...”

“చెప్పనివ్వండి. ఆ తర్వాత ఆయన నవ్వగా నేను చూడలేదు. నవ్వొచ్చే మాటేదైనా వింటే కండువా నోటికి అడ్డం పెట్టుకుని అవతలికెళ్ళిపోయేవాడు. నా పెళ్ళిలో ఫోటో తీసేవాడు ‘కొంచెం నవ్వండి సార్’ అన్నాడని పీట మీంచి లేచిపోయాడు. ఇక్కడ మూడు వారాలుగా రోజూ ఆ పోస్టరు పక్కనుంచే ఎక్కి దిగుతున్నాను. మా ఇంట్లో ఆయన నవ్వే ఫోటో ఒక్కటి లేదు. మీ దగ్గర నిలువెత్తుదుంది.”

ఫోటోని మళ్ళీ తన వైపు జరుపుకుంది. తర్వాతి మాటలు చెప్పడానికి ఆమె చాలా దూరం నడిచి వచ్చిందని కత్తెరమ్మకి అర్థమైంది.

“అన్నిటికన్నా పెద్ద పాపం నాది. ఆయన నిజంగానే నవ్వాడేమో అని నాకూ అనుమానమే. ముప్ఫయ్యయిదేళ్ళొచ్చాయి, ఒక్కసారైనా అడగలేకపోయాను. నా కొడుకు పుట్టాక ఆయన ఎత్తుకోబోతే, పాలకి టైమైందనో నిద్రకి టైమైందనో ఏదో వంక పెట్టి చేతుల్లోంచి తీసేసుకునేదాన్ని. ఆయనకి అర్థమైంది. అడగడం మానేశాడు. పోయిన ఏడాది పోయాడు. ఇప్పుడు నాకు తెలియాలి మేడమ్. ఆ ప్రశ్నకి మా నాన్న నవ్వాడా లేదా?”

“లేదు,” అంది కత్తెరమ్మ.

ఒక్క మాట. ఇరవయ్యారేళ్ళు గొంతులో అడ్డం పడి ఉన్న మాట, బయటికొచ్చేసరికి ఇంత చిన్నదా అనిపించింది ఆమెకే.

లేచి తన గదిలోకి వెళ్ళింది. బీరువా కింది అరలో, పాత శాలువా మడతలో పద్నాలుగో టేపుంది. కొత్త టేపులకి కటకటగా ఉన్న రోజుల్లో ఎన్నో పాత టేపుల మీద మళ్ళీ రికార్డు చేసేశారు. దీన్నీ చెరిపేద్దామని రెండుసార్లు తీసింది. రెండుసార్లూ చేతులు రాలేదు. పోనీ ఎవరికైనా చూపిద్దామంటే ఆ ధైర్యమూ లేకపోయింది. ఇన్నేళ్ళూ దాన్ని దాచానని తనకి తాను చెప్పుకునేది, కానీ నిజానికి అదే తనని పట్టి ఉంచింది.

టేపు తెచ్చి పాత మిషనులో పెట్టింది గానీ మీట నొక్కలేదు.

“ముందు నేను చెప్పేది విను. తర్వాత చూద్దువుగాని. సినిమా మొదటిసారి కూర్చి అన్నయ్యకి చూపించాను. చూసి, ‘అంతా బానే ఉంది గానీ, ఇందులో తప్పెవరిదో తెలియట్లేదే అమ్మడూ’ అన్నాడు. అంతే అన్నాడు. కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను మూడు రోజులు ఈ కుర్చీలోనే కూచున్నాను. లాంచీ యజమాని మొహం మా కెమెరాకి చిక్కలేదు. అధికారులు మాట్లాడలేదు. నా దగ్గరున్న మొహం మీ నాన్నదొక్కటే. మూడో రోజు ఈ టేపు మొదట్లో నవ్వు దొరికింది.”

“ఎవరూ చెయ్యమనలేదా మీకు?”

“ఎవరూ చెయ్యమనలేదు. నేనే కోశాను, నేనే అతికాను. ప్రశ్న సరిగ్గా వినపడట్లేదని అబద్ధం చెప్పి అన్నయ్యతో మళ్ళీ చదివించాను. మెత్తగా అడిగిన ప్రశ్నని గట్టిగా అడిగించాను. దాని పక్కన ఈ నవ్వు పెట్టాను. పెట్టాక వెనక్కి వాలి చూసుకుని...” కత్తెరమ్మ ఆగిపోయింది. ఈ ముక్క ఎప్పుడూ తనలో తాను కూడా అనుకోలేదు. “సంతోషించానమ్మా. ఎంత బాగా కుదిరిందో అని సంతోషించాను.”

జాబితా అమ్మాయి చెయ్యి చాచి తనే మీట నొక్కింది.

తెర మీద కాసేపు నీలం గీతలు ఊగాయి. తర్వాత రేవులో టికెట్లిచ్చే గది. గోడకి ఆనించిన బెంచీ మీద బక్కపలచని మనిషి, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, ఒళ్ళో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుని ఉన్నాడు. ఇంటర్వ్యూ ఇంకా మొదలవలేదు. ముక్కంటి లైటు సర్దుతూ ఆయన బెరుకు పోగొట్టడానికి ఏదో ఒకటి మాట్లాడుతున్నాడు.

“ఇంట్లో ఎవరెవరుంటారన్నా?”

“నేనూ, మా ఆవిడా, ఒక పిల్ల.”

“ఏం చదువుతోంది పిల్ల?”

“నాలుగు. చదువెక్కడండీ! పొద్దున్నే బకెట్టు బోర్లించుకుని దాని మీదెక్కి కూచుంటుంది. అది లాంచీ అంట. హారన్ కూడా నోటితో అదే కొడుతుంది. ఇవాళ నేనూ ఎక్కుతానే అంటే, టికెట్టు లేదని నన్నే దింపేసింది.”

నవ్వాడు. పెదవులు మెల్లగా విడి, కళ్ళ చివర ముడతలు పడి, ఏదో చూస్తున్నట్టు కాస్త పక్కకి తిరిగి. నాలుగు సెకన్లు.

ఆ నవ్వు మెట్ల మలుపులోనిదే. మాటలతో కలిపి చూస్తే మాత్రం అది వేరే మనిషి నవ్వు.

కత్తెరమ్మ తెర చూడలేదు. ఆమెకి ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. బకెట్టు, హారన్, టికెట్టు. వాటిని తీసేసి నవ్వుని ఒంటరిగా మిగిల్చింది తనే కదా.

“నీలం బకెట్టు,” అంది జాబితా అమ్మాయి. “అంచు విరిగింది. కాలికి గీసుకుపోతుందని నాన్న దానికి గుడ్డ చుట్టాడు.”

టేపు వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ తిప్పింది. మూడోసారి సరంగు నవ్వుతుండగా ఆమె పెదవులు కూడా ఆయన పెదవుల్లాగే విడడం కత్తెరమ్మ చూసింది. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుపు శబ్దం లేదు. భుజాలు మాత్రం ఆగలేదు.

కత్తెరమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఓదార్చడానికి తనెవరు? క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు. అడిగితే ఆ పిల్ల నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టు.

“ఆ నవ్వు ఎక్కడిదని నేను అడిగాను.”

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గుమ్మంలో అన్నయ్య. ఎప్పుడొచ్చాడో ఏమో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, మెట్లెక్కితే కాస్త ఆయాసపడతాడు. ఇప్పుడు మాత్రం ఆయాసం మెట్లది కాదు.

“గుర్తుందా అమ్మడూ? సినిమా రెండోసారి చూపించినప్పుడు, ‘ఇదెక్కడిది?’ అన్నాను. ‘ఉంది’ అన్నావు నువ్వు. నేను మళ్ళీ అడగలేదు.”

“నేనే చేశానన్నయ్యా. నువ్వు...”

“అడగలేదంటే తెలీకనా? ఎదురుగా కూచుని ఆ మనిషితో మాట్లాడింది నేను. ఆ ప్రశ్నకి ఆయనేం చెప్పాడో నా చెవులతో విన్నాను. నువ్వు ప్రశ్న మళ్ళీ చదవమని కాగితం ఇచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది. టైలరు భోజనానికి లేచాడు, నేను మైకు ముందు కూచుని చదివేశాను. రెండు నిమిషాల పని.” ఆయన లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “నువ్వు చేశావని నేను ఊరుకున్నాను. నేను ఊరుకున్నానని నువ్వు నిద్రపోయావు. ఇద్దరం కలిసే చేశాం.”

నిద్రపోయావు అన్న మాట కత్తెరమ్మకి గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ అన్నాచెల్లెళ్ళు ఒకే మేడలో పనిచేశారు, ఒకే బల్ల దగ్గర తిన్నారు. వదిన పోయినప్పుడు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఈ ఒక్క మాట మాత్రం మధ్యలోకి రానివ్వలేదు. ఇప్పుడు వచ్చింది, మూడో మనిషి ముందు.

“ఆయనేం చెప్పాడు?” అంది జాబితా అమ్మాయి మొహం తుడుచుకుంటూ. “ఆ ప్రశ్నకి.”

టేపు ముందుకి నడిచింది. తెరలో అన్నయ్య గొంతు, పాతికేళ్ళ కిందటి గొంతు, జంకుతూ అడిగింది: “పిల్లలు... గుర్తొస్తుంటారా అన్నా?”

సరంగు చాలాసేపు నేల చూశాడు. తర్వాత ఒక పేరు చెప్పాడు. ఆగాడు. ఇంకో పేరు. ఆరుగురు బడిపిల్లల పేర్లూ, ఇంటిపేర్లతో సహా, వేళ్ళు ఒక్కొక్కటీ ముడుచుకుంటూ చెప్పాడు. నాలుగో పేరు దగ్గర గొంతు పూడుకుపోతే నీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు, మధ్యలో ఒక్క పేరూ తప్పిపోకూడదన్నట్టు.

“రెండు నిమిషాలు పట్టింది ఆయనకి,” అంది కత్తెరమ్మ. “అంతసేపు ఎవరూ టీవీ ముందు కూచోరని తీసేశాను.”

టేపు నడుస్తూనే ఉంది. అన్నయ్య జాబితా అమ్మాయి వైపు తిరిగాడు.

“అమ్మా, విను. ఈ టేపు నీది. పట్టుకెళ్ళు. ఆ సినిమా ఇక ఎవరికీ చూపించం. అప్పగింత కాగితాల్లోంచి తీసేయిస్తాను.”

“అన్నయ్యా, దాన్ని చూసే కదా వాళ్ళు మనల్ని తీసుకుంటున్నది! అది లేదంటే వెనక్కెళ్ళిపోతారు.”

“వెళ్ళిపోనీ. ఆ పోస్టరు నా చేతులతో నేనే దింపుతాను. ఏం జరిగిందో నేనూ నువ్వూ కెమెరా ముందు కూచుని చెప్దాం. ఈసారి కోతలు లేకుండా.” చెల్లెలి వంక చూశాడు. “మనకున్న పేరంతా ఆ నాలుగు సెకన్లదేగా. తిరిగిచ్చేద్దాం.”

కత్తెరమ్మకి కళ్ళు చెమర్చాయి. పేరు పోతుందన్న బాధకన్నా, ఈ మాట ఆ సరంగు బతికుండగా అనలేకపోయామే అన్న బాధే ఎక్కువగా ఉంది. ఒక్క ఏడాది ముందు. ఒక్క ఫోను. ఆ తాత తన మనవణ్ణి ఎత్తుకునేవాడు.

“మా నాన్న తరఫున సరే అనడానికి నేనెవర్ని?” అంది జాబితా అమ్మాయి. “కానీ చెప్పండి. అందరికీ చెప్పండి.” తెర వైపు తిరిగింది. “ఇది ఆఖరిదాకా చూసి వెళ్తాను.”

“ఇక ఏముందమ్మా,” అన్నాడు అన్నయ్య. “మిషను వేడెక్కింది. ఇంటికి పట్టుకెళ్ళి తీరిగ్గా చూసుకో. రేపు వేరే టేపులోకి ఎక్కించి ఇస్తాను.”

ఆయన గొంతులో ఏదో తేడా. కత్తెరమ్మ తలతిప్పి చూసింది. అంతలో తెర మీద సరంగు లేచి నిలబడ్డాడు, దణ్ణం పెట్టాడు, బొమ్మ నల్లబడింది. ఇంటర్వ్యూ అయిపోయింది. నల్ల తెర రాగానే టేపు ఆపేయడం ఎడిటర్ల అలవాటు. కత్తెరమ్మ చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఈ టేపు చూసినా ఇక్కడే ఆపింది.

“ఉండనివ్వండి,” అంది జాబితా అమ్మాయి.

నల్ల తెర. కుర్చీ జరిపిన చప్పుడు. ఎక్కడో దూరంగా లాంచీ ఇంజను. తర్వాత చీకట్లోంచి సరంగు గొంతు.

“కెమెరా ఆపేశారా బాబూ?”

“మూత పెట్టేశానన్నా,” అన్నాడు ముక్కంటి. మూత పెట్టాడు, నిజమే. మాట రికార్డవుతూనే ఉందని ఆయన చూసుకోలేదు.

“అయితే ఒక మాట చెప్తాను. మీరు మంచివాళ్ళలా ఉన్నారు. ఆ రోజు లాంచీ నడిపింది నేను కాదు.”

 టేపులో అప్పటి అన్నయ్య గొంతు అడిగింది: “మరి ఎవరు?”

“చెప్తాను. నా కూతురికి మాత్రం ఎప్పటికీ తెలియకూడదు. నాకు మాటివ్వండి.”

“మాటిస్తున్నానన్నా.”

టక్కున మిషను ఆగిపోయింది. మీట మీద అన్నయ్య వేలుంది. 

“నీకు తెలుసా?” అంది కత్తెరమ్మ. “ఆయన తప్పే లేదని తెలిసే, ఆ నవ్వు చూసి ఊరుకున్నావా?”

అన్నయ్య మీట మీంచి వేలు తియ్యలేదు. జాబితా అమ్మాయి లేచి ఆయన మణికట్టు పట్టుకుంది.

“చెయ్యి తియ్యండి.”

“మీ నాన్నకి మాటిచ్చానమ్మా. నేను నిలబెట్టుకున్నది ఆ ఒక్క మాటే.”

“మా నాన్న లేడు. ఇంకెవరి కోసం దాస్తారు?”

“ఆయన ఈ నింద ఎవరి కోసం మోశాడో, ఆ మనిషి బతికే ఉందమ్మా.” అన్నయ్య కిటికీ వంక చూశాడు. మూడు వారాలుగా రోజూ పొద్దున ఆయన అక్కడే నిలబడి వీధిలోకి చూస్తున్నాడని కత్తెరమ్మకి ఇప్పుడు తట్టింది. “నువ్వు ఎవరి పిల్లవో నాకు మొదటి రోజే తెలిసింది. నిన్ను దింపడానికొచ్చిన మనిషిని గుర్తుపట్టాను. ఇవాళ కూడా ఆవిడే దింపి వెళ్ళింది.”

ఆ పొద్దున జాబితా అమ్మాయిని స్కూటరు మీద తెచ్చి గేటు దగ్గర దింపి వెళ్ళింది ఆమె తల్లి.